మన పిల్లల పేర్లతో మున్సిపాలిటీలో ఒక రిజిస్టరు పెట్టించుకుందాం

హాలియా అక్కలారా, అన్నలారా! అనుముల మండలం తల్లిదండ్రులారా!

ఎవరింటికి నల్లా ఉందో మున్సిపాలిటీకి ఎరుకే. ఎవరు ఏ ఏడు ఇంటిపన్ను బాకీ పడ్డారో పైసలతో సహా చెప్తారు. నడవలేని పిల్ల ఏ గల్లీలో ఉంది, మాటరాని పిలగాడు ఏ ఇంట్లో ఉన్నాడు, వాళ్లమ్మ కూలికి పోతే వాణ్ని ఎవరు చూస్తున్నారు? ఇవన్నీ ఒక్కచోట రాసిపెట్టిన బుక్కు ఉంటే చూపించమని అడుగుదాం.

లెక్కలు అసలే లేవని కాదు. అంగన్‌వాడీ టీచర్ దగ్గర ఒకటి, బడిలో ఒకటి, ఆశా అక్క దగ్గర ఒకటి, పింఛన్లది ఇంకొకటి. దేని దారి దానిదే. ఒక పిల్లకు అంగన్‌వాడీ వయసు దాటిందనుకోండి. బడి మానిపించారు. వైకల్య సర్టిఫికెట్ లేదు కాబట్టి పింఛన్ జాబితాలోకి రాలేదు. ఇక ఆ పిల్ల ఏ కాగితంలోనూ లేదు, ఇంట్లో మంచం మీద మాత్రం ఉంది.

ఈ రిజిస్టరు దయ కోసం అడుగుతున్నది కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, 17వ సెక్షన్ చదవండి. ప్రభుత్వంతోపాటు స్థానిక సంస్థలు కూడా అయిదేళ్లకోసారి బడి పిల్లల సర్వే చేసి, వైకల్యం ఉన్నవాళ్లను గుర్తించాలి. వాళ్లకేం కావాలో, ఎంత అందుతోందో తేల్చాలి. చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది, తొలి సర్వేకు రెండేళ్లు గడువు పెట్టింది. మన వార్డుల జాబితా ఏదని అడిగే హక్కు మనకుంది. 8వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ దగ్గర దివ్యాంగుల వివరాలుండాలి. వాగు పొంగిన రాత్రి ఎత్తుకొని తేవాల్సిన పిల్ల ఏ ఇంట్లో ఉందో అప్పటికప్పుడు ఎవర్ని అడుగుతారు?

ఇంగ్లండ్‌లో 1989 బాలల చట్టమే ప్రతి స్థానిక కౌన్సిల్ దివ్యాంగ పిల్లల రిజిస్టరు తెరవాలని రాసింది. పేరు రాయించడం తల్లిదండ్రుల ఇష్టం, బుక్కు పెట్టడం కౌన్సిల్ బాధ్యత. హాలియా 2018లోనే మున్సిపాలిటీ అయింది. మనం ఎందుకు పెట్టుకోలేం?

పేరు, వయసు రాసి మూసేసే బుక్కు మనకొద్దు. ఏడేళ్లప్పుడు ఇచ్చిన చక్రాల కుర్చీలో పదకొండేళ్ల పిలగాడు పట్టడు. మోకాళ్లు ముందుకు పొడుచుకొస్తాయి, పాదాలు నేలకు రాసుకుంటాయి, నడుము ఒక పక్కకు ఒరుగుతుంది. కుర్చీ ఇచ్చిననాటి ఫొటో అందరి దగ్గరా ఉంటుంది, వాడి కొలతలే ఎవరి దగ్గరా ఉండవు. కొలతలు రాయాలి. తాత్కాలిక సర్టిఫికెట్ గడువు ఎప్పుడు తీరుతుందో రాయాలి. పింఛన్ ఆగినంక తెలిసి ఏం లాభం? పగటిపూట బిడ్డ దగ్గర ఎవరుంటారో కూడా రాయాలి.

కాళ్లూ చేతులూ బాగున్నాయి కదా, మావాడిది లెక్కకు రాదులే అనుకోకండి. చట్టంలో 21 రకాలున్నాయి. ఆటిజం ఉంది, బుద్ధిమాంద్యం ఉంది, తలసేమియా ఉంది, చదవడం రాయడంలో వచ్చే ఇబ్బంది కూడా ఉంది. 40 శాతం వైకల్యం తేలితే దివ్యాంగుల పింఛన్‌కు వయసు అడ్డం కాదు (చెవుడుకు 51 శాతం కావాలి). 2023 జులైలో అది నెలకు 4,016 రూపాయలైంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. ఈ పేరు మన ఊళ్లో ఎంతమంది విన్నారు?

పేరు బయటపడితే చెల్లె సంబంధం తప్పిపోతదని కొందరు అమ్మలు భయపడుతున్నారు. ఆ భయం ఉత్తది కాదు. అందుకే బుక్కు తాళంలో ఉండాలి, పేర్లు గోడకెక్కొద్దు, వాట్సాప్ గ్రూపుల్లో తిరగొద్దు అని మున్సిపాలిటీకి ఇచ్చే దరఖాస్తులోనే రాస్తున్నాం. కానీ కష్టం ఎవరి కంటా పడకుంటే ఏమైతదో నల్లగొండ జిల్లాకు వేరే చెప్పాలా? ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన అంశాల స్వామిని జలసాధన సమితి ఢిల్లీకి తీసుకుపోయి, అప్పటి ప్రధాని వాజపేయి బల్ల మీద పడుకోబెట్టి చూపించాల్సి వచ్చింది. మన పిల్లల్ని అట్లా మోసుకుపోయే గతి రాకముందే లెక్క రాయించుకుందాం.

ఒక మాట. రిజిస్టర్లో పేరెక్కిన మరునాడే పింఛన్ పడుతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. పేరు రాయడానికి పైసలడిగితే ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

వచ్చే సోమవారం ఉదయం పదిన్నరకు మున్సిపల్ ఆఫీసు దగ్గర కలుద్దాం. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇదే దరఖాస్తు మీ పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి. సర్టిఫికెట్ ఉంటే జిరాక్సు తెచ్చుకోండి, లేకున్నా రండి. లేనివాళ్లే ముందు రావాలి. బిడ్డను ఎత్తుకొని రానక్కర్లేదు. రాయడం రానివాళ్లకు అక్కడే రాసిస్తాం. దరఖాస్తు రెండు కాపీలు చేసి, రెండోదాని మీద ముద్ర, తేదీ, సంతకం చూసుకొని గానీ ఆఫీసు మెట్లు దిగకండి.

ఇట్లు,
దివ్యాంగ పిల్లల తల్లిదండ్రులు, హాలియా