నిశ్చలత జపానువారి పుట్టుకగుణమా?

జపాను చలనచిత్రముల ప్రస్తావము వచ్చినతోడనే మన విద్యావంతులలో కొందఱు కన్నులరమోడ్చి, "ఆహా, ఆ నిశ్చలత! అది ప్రాచ్యుల శాంతస్వభావము" అందురు. ఇది ప్రశంసవలె వినబడును. కాని కళాకారుని కష్టార్జితమును లాగుకొని జాతిస్వభావమునకు ధారపోయుట యగును.

వారు సాక్ష్యమునకు యసుజిరో ఓజును పిలుతురు. "టోక్యో కథ" (1953)లో కెమేరా నేలకు దగ్గఱగా కూర్చుండి యించుమించు కదలదు. నిజమే. కాని యీ ఓజుయే 1932లో "పుట్టితిని గాని..." యను నర్థముగల పేరితో తీసిన మూకీచిత్రమున బడిపిల్లల ప్రక్కగా కెమేరాను నడపి, ఆవులించు గుమాస్తాల ప్రక్కగా నట్లే నడపెను. నేటి బాలుడే రేపటి గుమాస్తా యని మాట లేకయే తెలిపెను. నిశ్చలత పుట్టుకతో వచ్చినదైనచో నీ నడక యెక్కడిది? అతడు దానిని కోరి, యేండ్ల తరబడి సాధించెను.

ఎందులకు సాధించెను? "టోక్యో కథ" తుదిభాగము చూడుడు. అత్తగారు మరణించినది. కోడలు యుద్ధమున భర్తను గోల్పోయిన విధవ. మామగారే యామెకు అత్తగారి గడియారమిచ్చి, మరల వివాహమాడుమని చెప్పును. ఆమె రైలులో సాగిపోవును; వృద్ధుడొక్కడే యింట విసనకఱ్ఱతో కూర్చుండును; వెలుపల నీటిపై పడవ కదలిపోవును. వెళ్లవలసినవారిని వెళ్లనిచ్చి తానుండిపోయిన మనుష్యుని యెదుట కెమేరా మనల కూర్చుండబెట్టినది. విధవావివాహమునకు నేటికిని మొగము చిట్లించుచు, ఈ చిత్రమును శాంతమని మెచ్చుకొనువారు దానిని చూచినట్లా?

ఇక కదలిక తక్కువజాతిదను వారికి కెంజి మిజోగుచియే సమాధానము. "చివరి చేమంతుల కథ" (1939)లో, అందఱు ముఖస్తుతి చేయుచున్న నటకుటుంబపు యువకునితో నీ నటన బాగులేదని చెప్పగలిగినది దాది యొక్కతెయే. రాత్రివేళ నిరువురు నడచుచుండ, కెమేరా తెగక వారి వెంట నడచును. యజమాని బిడ్డను, దాదిని వేర్వేఱు చట్రములలో నుంచదు. అకిర కురొసావా "ఏడుగురు సమురాయిలు" (1954)లో ఖడ్గవీరుడు కదలక నిలిచియుండుటచేతనే యతని యొక్క వ్రేటు మెఱుపగుచున్నది.

కావున సోదరీసోదరులారా, నిశ్చలత యుత్తమము, చలనము నీచమని కళలోను వర్ణవ్యవస్థను నెలకొల్పకుడు. కెమేరా నిలిచినను నడచినను, ఎవరికొఱకని యడుగుడు.