డబ్బుల్లేని బ్యాట్‌మ్యాన్

కామిక్స్ కంపెనీలు 'రీలాంచ్' అనగానే నాకు నవ్వొస్తుంది. కోడ్‌లో ఒక్క లైనూ మార్చకుండా వెర్షన్ నంబర్ పెంచినట్టు ఉంటుంది వాళ్ల వ్యవహారం. 2011లో డీసీ ఏకంగా 52 సిరీస్‌లను 1వ సంచిక నుంచి మొదలుపెట్టింది. 2016లో బ్యాట్‌మ్యాన్‌కి మళ్లీ 1వ సంచిక. ఎన్నిసార్లు మొదలైనా బ్రూస్ వేన్ కోటీశ్వరుడే, ఆల్ఫ్రెడ్ పక్కనే.

2024 అక్టోబర్‌లో మొదలైన 'అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్' మాత్రం నిజంగానే వేరు. రచన స్కాట్ స్నైడర్, బొమ్మలు నిక్ డ్రగొట్టా. తమాషా ఏంటంటే, 2011లో బ్యాట్‌మ్యాన్ రాసిందీ ఈ స్నైడరే. ఈసారి ఆయన చేసిన మొదటి పని, బ్రూస్ ఆస్తి మొత్తం లాగేసుకోవడం. నాన్న పేరున్న డాక్టరు కాదు, మామూలు టీచర్. జూలో జరిగిన కాల్పుల్లో చనిపోతాడు. అమ్మ మార్తా బతికే ఉంది. ఆల్ఫ్రెడ్ బట్లర్ కాదు, బ్రూస్ మీద నిఘా పెట్టిన గూఢచారి. ఇక మన హీరో ఏం చదివాడనుకుంటున్నారు? ఇంజనీరింగే! (సివిల్ బ్రాంచ్ వాళ్లు కాలర్ ఎగరేసుకోవచ్చు.)

బ్యాట్‌మ్యాన్ సూపర్ పవర్ డబ్బే అని అందరం జోకులేస్తాం కదా. ఆ డబ్బు తీసేస్తే పోయేది కారూ గుహా మాత్రమే అనుకున్నాను. కానీ శత్రువులు కూడా మారిపోయారు. పాత కథల్లో పెంగ్విన్, టూ-ఫేస్, కిల్లర్ క్రాక్ అయ్యే ఆస్వాల్డ్, హార్వీ, వేలన్ ఇక్కడ బ్రూస్ చిన్ననాటి ఫ్రెండ్స్. కలిసి పెరిగినవాళ్లు. బంగళా గోడ అడ్డు లేకపోతే వీళ్లంతా అతనికి పక్కింటివాళ్లే అన్నమాట! 1939 నుంచి ఒక ధనవంతుడు రాత్రిపూట వచ్చి పేటలోవాళ్లను కొట్టి వెళ్తుంటే మనం చప్పట్లు కొట్టామా అని మొదటిసారి అనిపించింది. ఇక్కడ డబ్బంతా జోకర్ దగ్గరుంది. ఆ ఒక్క మార్పుతో న్యాయం ఎవరి పక్షమనే లెక్క తిరగబడింది.

అన్నీ నచ్చాయని కాదు. బ్రూస్‌ని మరీ లారీ అంత గీశారు. ఛాతీ మీద గబ్బిలం గుర్తు ఊడదీస్తే గొడ్డలి అవడం చూడ్డానికి బాగుంది గానీ, నరుకుడు కాస్త తగ్గించొచ్చు. అంత సరంజామా జీతం డబ్బులతో ఎలా వస్తుందో కూడా నాకు పూర్తిగా మింగుడుపడలేదు.

నా భయం వేరే ఉంది. సిరీస్‌కి మంచి పేరొచ్చింది కదా అని, ఏదో ఒక సంచికలో దూరపు చుట్టం వీలునామా దొరికిందంటూ బ్రూస్‌కి ఆ బంగళా తిరిగి ఇచ్చేస్తారేమో!