ఆకు కత్తిరించిందని మందు కొట్టాలా?

మా పెద్దమందడిలో ఇంటి ముందు నాలుగు గులాబీ కుండీలున్న వాళ్లకు ఈ గొడవ తెలిసే ఉంటుంది. పొద్దున లేచి చూస్తే ఆకుల అంచున గాజు పెట్టి గీసి కోసినట్టు గుండ్రటి కోతలు. పక్కింటి వదిన "పురుగు పడ్డది, మందు కొట్టు" అంటుంది. నేనైతే వద్దంటాను.

అది ఆకు తినే పురుగు కాదు, ఒంటరిగా బతికే తేనెటీగ. దానికి పట్టు లేదు, రాణి లేదు, కూలి ఈగలు లేవు. ఇల్లు కట్టేది, తిండి తెచ్చేది అంతా ఒక్క ఆడదే. గోడ కన్నమో, ఎండిన బోలు కట్టెనో చూసుకుని అందులో ఆకు ముక్కలతో గదులు కడుతుంది. కోలగా కోసినవి గోడలకు, గుండ్రటివి మూతకు. మనం జాకెట్‌కు చేతులు వేరు, మెడపట్టీ వేరు కత్తిరించుకోమూ, అట్లా. ఒక్కో గదిలో పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద, దాని మీద ఒక గుడ్డు. లోపలి గదుల్లో ఆడపిల్లలు, వాకిలి దగ్గర మగపిల్లలు. బయటికి ముందు వచ్చేది మగవాళ్లేనట!

ఏ ఆకు పడితే ఆ ఆకు కొయ్యదు. పలచగా, చుడితే వంగేలా ఉండాలి. గులాబీ ఇష్టం, కంది ఆకూ కోస్తుంది. కెనడాలోని టొరంటోలో ఇలాంటి ఈగల గూళ్లలో ప్లాస్టిక్ సంచి ముక్కలు దొరికాయని 2013లో ఒక పరిశోధన వచ్చింది. అది చదివితే నాకు మనసు చివుక్కుమంది.

ఇక మన చేను సంగతి. కంది పువ్వులో పుప్పొడి రేకుల మధ్య మూసుకుని ఉంటుంది. ఈగ వాలి నొక్కితే బయటపడి దాని ఒంటికి అంటుకుంటుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తెచ్చిన హైబ్రిడ్ కంది విత్తనం తయారవ్వాలంటే మగ సాలు నుంచి ఆడ సాలుకు పుప్పొడి మోసేది ఇలాంటి ఈగలే. కుండీలో మందు కొట్టి చంపేది వాటినే కదా?

పిల్లల్ని కుడుతుందని భయం వద్దు, చేత్తో నలిపితే తప్ప దాని జోలి అది చూసుకుంటుంది. నాలుగు ఆకులు పోతే గులాబీ చావదు. మరీ లేత మొక్కయితే కొన్నాళ్లు పాత దోమతెర కప్పండి. ఎండిన ఆముదం కట్టెలు పొయ్యిలో పెట్టేటప్పుడు, కొసన ఆకు బిళ్లతో మూసిన బోలు కనిపిస్తే ఆ ఒక్కటీ పక్కన పెట్టండి.