స్పీడు తొంభై... మాట మాత్రం ముక్కలు

స్పీడ్ టెస్ట్ పెడితే 90 వస్తుంది. ఆఫీస్ కాల్‌లో మాత్రం మాట ముక్కలు ముక్కలుగా పోతుంది. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయని ఈ మధ్య నన్ను చాలామందే అడిగారు. మా పెదవేగి చుట్టూ పామాయిల్ తోటల మధ్య ఊళ్లలో కూర్చుని హైదరాబాద్, చెన్నై కంపెనీలకు పనిచేయడం 2020 లాక్‌డౌన్‌తో మొదలైంది. తర్వాత చాలామంది వెళ్లిపోయారు. వెళ్లలేనివాళ్లు మిగిలారు. ఈ వారం అలా మిగిలిన మా వీధి అక్క ఒకావిడ సంగతి చెబుతాను. తన పేరు రాయొద్దంది. కంపెనీ పేరు అసలే వద్దంది.

అక్కది అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ పని. సాయంత్రం ఆరున్నరకి లాగిన్, తెల్లవారుజామున మూడింటికి లాగౌట్. వాళ్లమ్మగారికి వారానికి రెండుసార్లు ఏలూరులో డయాలసిస్. ఇక్కణ్ణుంచి పన్నెండు కిలోమీటర్లే కాబట్టి పొద్దున తీసుకెళ్లి, మధ్యాహ్నం దాటాక తీసుకొచ్చి, కాస్త నడుం వాల్చి డ్యూటీ ఎక్కుతుంది. గత నెల మేనేజర్ గారి నుంచి మెయిల్ వచ్చింది. క్లయింట్ కాల్స్‌లో మీ మాట అర్థం కావట్లేదు, రెండు వారాల్లో సరిచేసుకోండి, లేదంటే ఆఫీసుకి వచ్చి పనిచేయాలి అని. ఆఫీసు చెన్నైలో. పైగా ఫోన్‌లో ఆయన అన్న మాట అక్కని ఎక్కువ బాధపెట్టింది: "పల్లెటూరి నెట్ అంతే కదండీ."

"తమ్ముడూ, ప్లాన్ మార్చి 200 పెట్టించేసుకోనా?" అని అడిగింది. ఆగక్కా అన్నాను. ప్లాన్ పెంచుకోమనడం కస్టమర్ కేర్ వాళ్ల పారాసిటమాల్ మాత్ర. ఏ నొప్పికైనా అదే ఇస్తారు.

మాటకి అంత స్పీడు అక్కర్లేదు. వాయిస్ కాల్ సెకనుకి వంద కిలోబిట్లలోపే సర్దుకుంటుంది. అంటే అక్క కనెక్షన్‌లో దాదాపు వెయ్యో వంతే వాడుతుందన్నమాట. మరి కావాల్సిందేమిటంటే, నిలకడ. మనం మాట్లాడేదాన్ని సాఫ్ట్‌వేర్ సాధారణంగా 20 మిల్లీసెకన్లకో ముక్కగా కోసి పంపుతుంది, అంటే సెకనుకి 50 ముక్కలు. అవి అదే వరసలో, అదే ఎడంతో అవతలికి చేరాలి. యూట్యూబ్ వీడియో అయితే ముందే కొంత దాచిపెట్టుకుంటుంది, మధ్యలో రెండు సెకన్లు నెట్ ఆగినా మనకి తెలియదు. కాల్‌కి ఆ వీల్లేదు. ఆలస్యంగా వచ్చిన ముక్కని పారేసి, ఆ ఖాళీలో ఏముండి ఉంటుందో సాఫ్ట్‌వేర్ ఊహించి అతికిస్తుంది. అతుకులు ఎక్కువైతే మనకి వినిపించేదే ఆ రోబో గొంతు. రోడ్డు ఎంత వెడల్పుగా ఉందో స్పీడ్ టెస్ట్ చెబుతుంది. ఏలూరు బస్సు టైముకి వస్తుందో రాదో చెప్పదు.

చూడాల్సిన అంకెలు మూడు. ఒకటి ఆలస్యం. మాట ఒక వైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం యూనియన్ ఏనాడో చెప్పింది. రెండోది జిట్టర్, అంటే ముక్కల మధ్య ఎడం ఎంత అటూ ఇటూ అవుతోందన్నది. 30 మిల్లీసెకన్లలోపు ఉండాలి. మూడోది ప్యాకెట్ లాస్, దారిలో పోయిన ముక్కలు. ఒక శాతం లోపుండాలి. ఇవి ఎక్కడో వెతకక్కర్లేదు. టీమ్స్‌లో కాల్ నడుస్తుండగా మూడు చుక్కల మెనూలో కాల్ హెల్త్ అని ఉంటుంది. జూమ్‌లో అయితే సెట్టింగ్స్‌లో స్టాటిస్టిక్స్. రోజూ ఎనిమిది గంటలు వాడేవాళ్లు కూడా ఈ పేజీ తెరిచి ఉండరు.

అక్క కాల్ హెల్త్ తెరిస్తే మొదటి ఆధారం అక్కడే దొరికింది. తనకి వచ్చే మాటలో లాస్ దాదాపు లేదు. తన నుంచి వెళ్లే మాటలో మాత్రం ఐదు, ఆరు శాతం. అంటే అవతలివాళ్లు తనకి చక్కగా వినిపిస్తున్నారు, తనే వాళ్లకి వినిపించట్లేదు. అందుకే ఇన్నాళ్లూ తన వైపు అంతా బాగానే ఉందనుకుంది పాపం. స్పీడ్ టెస్ట్‌లో అందరూ చూసి మురిసిపోయే 90 డౌన్‌లోడ్‌ది. పక్కనే చిన్నగా ఉండే అప్‌లోడ్ అంకె తనకి పది కూడా లేదు.

ఇక ఎక్కడ తెగుతోందో పట్టుకోవాలి. దారిని రెండు ముక్కలు చేసుకోండి: ల్యాప్‌టాప్ నుంచి ఇంట్లో రౌటర్ దాకా, రౌటర్ నుంచి బయటికి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని కొట్టి, రౌటర్ అడ్రస్ ఇచ్చి, చివర మైనస్ ఎన్ 100 అని పెడితే వందసార్లు పలకరించి వస్తుంది. రౌటర్ అడ్రస్ చాలా ఇళ్లలో 192.168.1.1, మీది వేరైతే రౌటర్ వెనక స్టిక్కర్ మీద ఉంటుంది. ఇంట్లో ఉన్న డబ్బా కాబట్టి జవాబు రెండు మూడు మిల్లీసెకన్లలో రావాలి. అక్కకి 3, 3, 4, 180, 3, 340... మధ్యలో రెండుసార్లు జవాబే లేదు.

వాళ్లది పాత పెంకుటిల్లు. గోడలు అడుగున్నర మందం. రౌటర్ ముందు హాల్లో టీవీ పక్కన ఉంది, ఎందుకంటే కేబుల్ కుర్రాడు వైరు అంతవరకే లాగాడు. అక్క పనిచేసేది వెనక గదిలో, మధ్యలో రెండు గోడలూ ఒక ఇనప బీరువా. పైగా వైఫై 2.4 గిగాహెర్ట్‌జ్ మీద. అది గోడల్ని కాస్త బాగానే దాటుతుంది గానీ, పక్కింటి రౌటర్లూ బ్లూటూత్‌లూ మైక్రోవేవ్ ఓవెన్లూ అన్నీ ఆ సందులోనే తిరుగుతాయి. 5 గిగాహెర్ట్‌జ్ ఖాళీగా ఉంటుంది గానీ ఆ గోడల ముందు నిలవదు. అలాంటి ఇంట్లో నేను వైఫైతో కుస్తీ పట్టను. ఏలూరులో 25 మీటర్ల లాన్ కేబుల్ తెచ్చి అటక మీదుగా లాగాం. వెయ్యి రూపాయల్లోపు పని. మళ్లీ పింగ్ పెడితే వందకి వంద, అన్నీ ఒక మిల్లీసెకను.

ఆ రాత్రి పదిన్నరకి అక్క మెసేజ్ పెట్టింది. "ఏడున్నర నుంచి తొమ్మిది దాకా మళ్లీ రోబో అన్నారు."

రౌటర్ పింగ్ శుభ్రంగానే ఉంది. ఈసారి బయటికి, 8.8.8.8కి పెట్టాం. మామూలుగా 30 లోపు వస్తున్నది ఏడున్నర దాటగానే 600కి ఎగబాకుతుంది, కాసేపటికి దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఇలా మెట్లెక్కి దిగుతోందంటే ఇంట్లోంచే ఎవరో అప్‌లోడ్ దారి మొత్తం ఆక్రమిస్తున్నారని అర్థం. చాలా రౌటర్లు దారి నిండినప్పుడు ముక్కల్ని వెంటనే వదిలేయకుండా పొడుగాటి క్యూలో నిలబెడతాయి. మాట ముక్క కూడా ఆ క్యూలో పెద్ద పెద్ద ఫైళ్ల వెనక నిలబడుతుంది. ఇంజినీర్లు దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు.

ఎవరా అని వెతికితే కెమెరాలు. 2024లో కోకో గింజల రేటు ఆకాశానికి ఎక్కినప్పుడు, ఆరబోసిన గింజలకి కాపలాగా బావగారు మూడు క్లౌడ్ కెమెరాలు పెట్టించారు. ఏదైనా కదిలితే చాలు, అవి వీడియో తీసి సర్వర్‌కి పంపుతాయి. మరి ఏడున్నరకి కదిలేదెవరు? ఉసిళ్లు! వాన పడ్డ సాయంత్రం కళ్లం దగ్గర లైటు వేయగానే గుంపులుగా వచ్చేస్తాయి. మూడు కెమెరాలూ వాటిని దొంగలనుకుని అదేపనిగా వీడియోలు ఎక్కిస్తున్నాయి. తొమ్మిదింటికి లైటు ఆపేస్తారు, కాల్ బాగుపడుతుంది. అమెరికాలో ఎవరికో అక్క మాట అర్థం కాకపోవడానికి మా ఊరి ఉసిళ్లు కారణమని ఏ కస్టమర్ కేర్ చెప్పగలదు?

రికార్డింగ్‌ని కెమెరాలోని మెమరీ కార్డుకి మార్చాం. లైటు పడే చోటుని మోషన్ జోన్‌లోంచి తీసేశాం. రౌటర్‌లో క్యూఓఎస్ అనే సెట్టింగ్ ఉంటే అక్క ల్యాప్‌టాప్‌కి ముందు వరస ఇవ్వొచ్చు, తన దాంట్లో ఉంది. మీ ఇంట్లో కెమెరాలు లేకపోతే ఫోన్లలో ఫొటోల బ్యాకప్ చూడండి. పెళ్లి నుంచి వచ్చిన రోజు అదే చేస్తుంది ఈ పని.

మిగతావి గబగబా. మోడెమ్ మీద లాస్ లైటు ఎర్రగా ఉంటే మీరు చేసేదేమీ లేదు, ఆపరేటర్‌ని పిలవండి. ఎర్రగా లేకున్నా గాలివాన తర్వాత తేడా చేస్తే సిగ్నల్ కొలవమని అడగండి. మైనస్ 27 దాటి ఇంకా కిందకి పోయిందంటే ఎక్కడో ఫైబర్ నలిగింది. మన దగ్గర ఫైబర్‌నెట్ వైర్లు కరెంటు స్తంభాల మీదే కదా వచ్చేది. కొబ్బరి మట్ట పడితే చాలు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలో రౌటర్ ఆగి లేస్తుంటే దానికి చిన్న యూపీఎస్ పెట్టండి. ఇక మీ మాట మీకే తిరిగి వినిపిస్తోందంటే, ఆ తప్పు దాదాపు ఎప్పుడూ అవతలివాళ్ల స్పీకర్‌ది. మీ హెడ్‌సెట్‌ని మార్చుకోకండి.

ఒకటి మాత్రం మన చేతుల్లో లేదు. అక్క కంపెనీ వీపీఎన్ మొత్తం ట్రాఫిక్‌ని అమెరికా తిప్పి తెస్తోంది. చెన్నైలో ఉన్న మేనేజర్‌తో మాట్లాడినా మాట సముద్రాలు దాటి వస్తుంది. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకి 200 కిలోమీటర్లే పోతుంది, దాన్ని ఎవరూ తొందరపెట్టలేరు. కాల్ ట్రాఫిక్‌ని వీపీఎన్ బయట నుంచి పంపమని మైక్రోసాఫ్టే సలహా ఇస్తుంది. టీమ్స్‌కి యూడీపీ పోర్టులు 3478 నుంచి 3481 వరకు తెరిచి ఉండాలి. ఆ సంగతి రాసి ఐటీ వాళ్లకి టికెట్ పెట్టించాను.

ఇంకో పని కూడా చేయించాను. పన్నెండు రోజులపాటు ప్రతి క్లయింట్ కాల్‌లో టైమూ, జిట్టరూ, లాస్ అంకెలూ ఎక్సెల్‌లో రాసింది. మొదట్లో వెళ్లే మాటలో ఆరు శాతం లాస్, చివరి వారమంతా అర శాతం లోపు. ఆ షీట్‌తోపాటు వీపీఎన్ టికెట్ నంబర్ కూడా జతచేసి గడువు తేదీకి ముందురోజే మెయిల్ పంపింది. పల్లెటూరి నెట్ అనే మాటకి ఎదురు వాదన ఎలా ఉంటుంది? అంకెలకైతే జవాబివ్వాలి. మేనేజర్ గారు మూడు నెలలు ఇంటి నుంచే చేయమన్నారు, తర్వాత మళ్లీ చూస్తామన్నారు. ఐటీ టికెట్ ఇది రాసేనాటికి ఇంకా ఓపెన్‌లోనే ఉంది.

వచ్చే వారం బ్లూటూత్ ఇయర్‌బడ్స్. పాట అంత కమ్మగా వినిపించేవి, కాల్‌లో మైక్ ఆన్ అవగానే పాత ల్యాండ్‌లైన్‌లా ఎందుకు మారిపోతాయో చూద్దాం.