ఓడ దిగిన ఈస్ట్‌కు లెక్క వేరు

అండమాన్‌లో గోధుమ పండదు. బ్రెడ్డుకు కావలసిన మైదా, ఈస్ట్ రెండూ చెన్నై, కోల్‌కతా, విశాఖ రేవుల నుంచి సముద్రం దాటి రావాల్సిందే. ప్రయాణం దాదాపు మూడు రోజులు, వాతావరణం మొరాయిస్తే ఇంకా ఎక్కువ. అందుకే శ్రీ విజయ పురం (2024 దాకా పోర్ట్ బ్లెయిర్) పక్కనున్న బతు బస్తీలో ఇంట్లో బ్రెడ్డు చేయబూనిన వారు వంటల పుస్తకం అడిగిన ఈస్ట్ కోసం ఎదురుచూస్తూ కూర్చోలేరు. కొట్లో ఏది ఉంటే దానితోనే సరిపెట్టుకోవాలి. లెక్క తప్పితే కిలో మైదా గంగపాలు.

తాజా ఈస్ట్, యాక్టివ్ డ్రై, ఇన్‌స్టంట్. పేర్లు మూడైనా లోపలున్న జీవి ఒకటే. తేడా తడిలో ఉంది. మెత్తని ముద్దలా ఉండే తాజా ఈస్ట్‌లో దాదాపు 70 శాతం నీరే. రవ్వలాంటి యాక్టివ్ డ్రైని ఆరబెట్టేటప్పుడు కొన్ని కణాలు చచ్చిపోయి మిగతావాటికి తొడుగులా అంటుకుంటాయి. అందుకే దాన్ని ముందు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి. 1970లలో వచ్చిన ఇన్‌స్టంట్‌కు ఆ బెడద లేదు, నేరుగా మైదాలో కలిపేయొచ్చు.

చాలామంది బోల్తా పడేది కొలత దగ్గరే. పుస్తకంలో తాజా ఈస్ట్ 10 గ్రాములని ఉంటే ఇన్‌స్టంట్ కూడా అంతే వేస్తారు. అది దాదాపు మూడింతల మోతాదు! పిండి చూస్తుండగానే ఉబ్బి, ఓవెన్‌లో కుంగి, కల్లు వాసన కొడుతుంది. 10 గ్రాముల తాజా ఈస్ట్‌కు బదులు యాక్టివ్ డ్రై 4-5 గ్రాములు, ఇన్‌స్టంట్ 3-4 గ్రాములు చాలు. యాక్టివ్ డ్రై స్థానంలో ఇన్‌స్టంట్ వాడితే పావు వంతు తగ్గించాలి. 'చెంచాడు ఈస్ట్' అని రాసి ఏ రకమో చెప్పని వంటకాలను పక్కన పెట్టడమే మంచిది. పైగా దీవుల ఉక్కలో పిండి తొందరగా పొంగుతుంది. గంటలు లెక్కపెట్టకుండా, రెట్టింపు కాగానే ఓవెన్‌కు ఎక్కించాలి. వంటసోడా వేస్తే సరిపోదా అంటారు కొందరు. సరిపోదు.

రుచి తాజా ఈస్ట్‌దేనని పాత బేకరీల పట్టు. కానీ అది ఫ్రిజ్‌లోనైనా రెండు మూడు వారాలకు మించి నిలవదు. సీలు తీయని ఇన్‌స్టంట్ ప్యాకెట్‌కు ఫ్రిజ్ కూడా అక్కర్లేదు కాబట్టి దీవుల్లో మొగ్గు దానివైపే ఉండాలి. సీలు తీశాక మాత్రం తేమ తగలకుండా బిగుతైన డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టాలి. పాత ప్యాకెట్‌పై అనుమానముంటే గోరువెచ్చని నీళ్లలో చిటికెడు పంచదారతో కలిపి 10 నిమిషాలు చూడాలి. నురగ రాకపోతే ఆ పూట మైదా డబ్బా తెరవకపోవడమే మేలు.