కష్టజీవి తెలివికీ పట్టా కావాలి

హెచ్‌ఎంటీ బియ్యం పేరు వినని తెలుగు ఇల్లు ఉండదు. కిరాణా కొట్టులో సన్నబియ్యం బస్తా మీద ఆ మూడక్షరాలు చూస్తూనే ఉంటాం. నాటు వేసిన కూలి తల్లికీ ఆ పేరు తెలుసు, మిల్లు యజమానికీ తెలుసు. అయితే ఆ వంగడాన్ని కనిపెట్టిందెవరయ్యా అంటే చెప్పగలవారు అరుదు.

ఆయన పేరు దాదాజీ ఖోబ్రగడే. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా నాందేడ్ అనే పల్లెలో ఎకరంన్నర భూమి సాగు చేసుకున్న దళిత రైతు. 1983లో తన వరిమడిలో తక్కిన వాటికి భిన్నంగా కనిపించిన కొన్ని కంకుల్ని ఏరి దాచాడు. వాటిని విడిగా విత్తి, ఏటికేడు ఏరి, కొన్నేళ్లకు ఒక వంగడంగా నిలబెట్టాడు. ఆనాడు జనం మోజు పడిన చేతి గడియారం పేరే దానికి వచ్చింది. 1994లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ విత్తనం తీసుకుపోయి, 1998లో 'పీకేవీ-హెచ్‌ఎంటీ' అని విడుదల చేసింది. విత్తనాన్ని తాము శుద్ధి చేశామని విశ్వవిద్యాలయం అన్నది. తనకు దక్కాల్సింది దక్కలేదని ఖోబ్రగడే బతికినంత కాలమూ చెబుతూనే వచ్చాడు. బిరుదులు వచ్చాయి, శాలువాలు కప్పారు. రాయల్టీ అనే పేరుతో ఒక్క రూపాయి రాలేదు. 2018 జూన్ 3న ఆయన పేదవాడిగానే కన్నుమూశాడు.

ఆయన నిర్లక్ష్యం చేశాడని ఎవరూ అనడానికి వీల్లేదు. ఆ రోజుల్లో రైతు పెంచిన వంగడానికి హక్కు ఇచ్చే చట్టమే ఈ దేశంలో లేదు. అది 2001లో గానీ రాలేదు. ఇప్పుడు చట్టాలున్నాయి. మరి వాటిని కూలి మనిషి, చిన్న రైతు, కమ్మరి, వడ్రంగి వాడుకుంటున్నారా? సంఘాలు వాడుకోనిస్తున్నాయా? ఇదీ ఈ రోజు మేము అడగదలచిన ప్రశ్న.

పేటెంటు మాట ఎత్తగానే మన కార్యకర్తల్లో కొందరికి కోపం వస్తుంది. "కంపెనీల పేటెంట్ల మీద పోరాడిందీ మనమే, ఇప్పుడు పేటెంటు తీసుకోమని చెప్పేదీ మనమేనా?" అంటారు. ఆ కోపంలో న్యాయం ఉంది. బీటీ పత్తి వచ్చిన కొత్తలో 450 గ్రాముల విత్తన ప్యాకెట్టు మీద టెక్నాలజీ రుసుం పేరుతోనే 1,250 రూపాయలు లాగిన సంగతి మన పత్తి రైతు మరవలేదు. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్ దాకా వెళితే గానీ ప్యాకెట్టు ధర 750కి దిగలేదు. 2019లో గుజరాత్‌లో బంగాళాదుంప వేసిన రైతుల మీద పెప్సీ కంపెనీ ఒక్కొక్కరి దగ్గర కోటి రూపాయలకు పైగా పరిహారం అడిగి దావా వేసింది. దేశమంతా అల్లరి కావడంతో ఆ మే నెలలో కేసులు వెనక్కి తీసుకున్నది.

ఇవన్నీ నిజమే. కానీ ఒక్క మాట ఆలోచించండి. భూస్వామ్యాన్ని వ్యతిరేకించే మనమే పేదవాడికి పట్టా ఇవ్వమని అడగడం లేదా? దొర చేతిలో వంద ఎకరాల పట్టా వేరు, కూలివాడి చేతిలో అరెకరం పట్టా వేరు. కాగితం ఒకటే, దాని వెనక నిలబడ్డ వర్గం వేరు. పేటెంటు కూడా అంతే. కంపెనీ చేతిలో అది రైతు మెడకు ఉరి. తన రెక్కల కష్టంతో పనిముట్టు కనిపెట్టిన వాడి చేతిలో, తన తెలివిని మరొకడు దోచుకుపోకుండా కాపాడే కంచె.

దీనికి దూరం పోనక్కర్లేదు, ఆలేరు దగ్గరి శారాజీపేటకు పోదాం. చింతకింది మల్లేశం అక్కడి చేనేత కుటుంబంలో పుట్టాడు. ఆరో తరగతితో బడి మానేశాడు. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. చీర ఒక్కంటికి మేకుల చుట్టూ దారం తిప్పుతూ చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోసే తల్లి లక్ష్మి చెయ్యి పద్దెనిమిది వేల సార్లు ఆడేది. భుజం, మోచెయ్యి పోటుతో ఆమె పడే బాధ చూడలేక కొడుకు 1992లో యంత్రం పని మొదలుపెట్టాడు. అప్పులు చేశాడు, పిచ్చివాడనిపించుకున్నాడు, 1999 నాటికి యంత్రం పూర్తి చేశాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. దానికి తల్లి పేరే పెట్టాడు. 2011లో పేటెంటు వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం ఎవరిదంటే ఈ రోజు ఎవ్వరూ తడుముకోరు. ఖోబ్రగడేకు దక్కనిది మల్లేశానికి దక్కింది. ఈ తేడా అదృష్టంలో లేదు, చేతిలో ఉన్న కాగితంలో ఉంది.

ఇంతకూ పేటెంటు అంటే ఏమిటి? కొత్తదీ, పనికొచ్చేదీ, ఆ వృత్తి తెలిసిన వాడికి కూడా ఇట్టే తట్టనిదీ అయిన ఆవిష్కరణ మీద దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి 20 ఏళ్ల పాటు ప్రభుత్వం ఇచ్చే హక్కు. ఆ గడువులో కనిపెట్టిన వాడి అనుమతి లేకుండా మరొకడు దాన్ని తయారు చేసి అమ్మకూడదు. బదులుగా మనం దాని గుట్టు అంతా రాసి ఇవ్వాలి. గడువు తీరాక అది లోకానిది. ఈ హక్కు మన దేశం వరకే చెల్లుతుంది.

అన్నిటికీ ఇది రాదు. 1970 నాటి మన చట్టం విత్తనాన్ని, మొక్కను, సాగు పద్ధతిని పేటెంటు నుంచి మినహాయించింది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒత్తిడి కింద 1999, 2002, 2005లలో చట్టాన్ని సవరించినా ఈ గోడ మాత్రం నిలిచింది. దాన్ని కూలనివ్వకూడదు. తాతల నాటి తెలివికీ పేటెంటు రాదు. గాయాలకు పసుపు వాడకం మీద అమెరికాలో ఇచ్చిన పేటెంటును 1997లో రద్దు చేయించింది మన శాస్త్రవేత్తలే. విత్తనం నిలబెట్టిన రైతుకు దారి వేరు: 2001 చట్టం కింద రైతు వంగడంగా నమోదు చేయించుకోవాలి. అందుకు రైతుకు రుసుం లేదు. విత్తనం దాచుకునే, మళ్లీ విత్తుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. కలుపు తీసే పనిముట్టుకూ, విత్తే గొర్రుకూ, నూర్చే యంత్రానికీ అయితే పేటెంటు. పాత నాగలికి కొత్త పిడి వేసి పేటెంటు ఇమ్మంటే ఇవ్వరు. ఉపాయం కొత్తదై ఉండాలి.

ఇక అందరూ గట్టిగా గుర్తు పెట్టుకోవాల్సిన మాట: ముందు దరఖాస్తు, తర్వాత ప్రదర్శన. మన వాళ్లు చేసే తప్పు ఇక్కడే. పనిముట్టు పని చేసిందన్న సంబరంలో ఊరందరి ముందూ నడిపి చూపిస్తారు. పక్కనే ఉన్న కుర్రాడు సెల్‌ఫోన్‌లో వీడియో తీసి పది ఊళ్లకు పంపుతాడు. అక్కడితో కొత్తదనం పోయె! బయటపడ్డ దానికి పేటెంటు రావడం మహా కష్టం. యంత్రం ఇంకా పూర్తి కాకపోయినా తాత్కాలిక వివరణతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. 12 నెలల్లోగా పూర్తి వివరణ ఇవ్వాలి. దరఖాస్తు తేదీ నుంచి 31 నెలల్లోగా పరీక్ష చేయమని విడిగా అడగాలి. అడగకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. 2024 నాటి నిబంధనల ప్రకారం వ్యక్తికి ఆన్‌లైన్ దరఖాస్తు రుసుం 1,600 రూపాయలు, పరీక్షకు 4,000. పేటెంటు వచ్చాక, దరఖాస్తు తేదీ నుంచి లెక్కగట్టి మూడో ఏడు మొదలుకొని ఏటా రుసుం కట్టకపోతే హక్కు రాలిపోతుంది. మన రెండు రాష్ట్రాలకూ కార్యాలయం చెన్నైలో ఉంది.

ఇంకో హెచ్చరిక. వెల్డింగు షాపు యజమానో, భూస్వామి కొడుకో "నీకెందుకయ్యా ఈ తిప్పలు, నేను చూసుకుంటాలే" అని కాగితం మీద వేలిముద్ర వేయమంటే వేయకండి. ఖాళీ ప్రాంసరీ నోటు మీద సంతకం పెట్టి మన తాతలు పడ్డ పాట్లు చాలు. కనిపెట్టిన వాడి పేరుతోనే దరఖాస్తు పోవాలి. తెలివి ఒకడిదీ దరఖాస్తు మరొకడిదీ అయితే, పేటెంటు రాకముందే అభ్యంతరం చెప్పే వీలు చట్టంలో ఉంది. అందుకే పని మొదలైన నాటి నుంచి తేదీలు వేసి, బొమ్మ గీసి, నోటు పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. రాయడం రాకపోతే సంఘం కార్యకర్త రాసి పెట్టాలి.

కాగితం వస్తే కడుపు నిండుతుందా? నిండదు. ఎవడైనా దొంగతనంగా తయారు చేస్తే కోర్టుకు పోవాల్సింది మనమే, ఆ ఖర్చు కూలి మనిషికి మోయరానిది. ఒంటరి వాడి చేతిలో పేటెంటు, ఒంటరి వాడి చేతిలో పట్టా లాంటిదే. కబ్జాదారు లెక్క చేయడు. వెనక సంఘం ఉంటేనే దానికి విలువ. పనిముట్టు ఎవరి కోసమన్నదీ సంఘమే అడగాలి. కూలి తల్లి నడుము నొప్పి తగ్గించే యంత్రం వేరు, ఆమె కూలినే మింగే యంత్రం వేరు. హక్కు మన వాళ్ల చేతిలో ఉంటే ఎవరికి ఇవ్వాలో, ఎంతకు ఇవ్వాలో చెప్పే మాటా మనకే ఉంటుంది.

ప్రభుత్వాలను మేము అడిగేది ఇది. దరఖాస్తు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలట. తెలుగు కూలివాడు తన తెలివిని పరాయి భాషలో ఎందుకు చెప్పుకోవాలి? తెలుగులో తీసుకోండి. వ్యవసాయ కార్మికులకు, కౌలు రైతులకు, చేతివృత్తుల వారికి రుసుములన్నీ మాఫీ చేయండి. ప్రతి జిల్లా కేంద్రంలో దరఖాస్తు రాసిపెట్టే ఉచిత సహాయం ఏర్పాటు చేయండి. రైతు దగ్గర నుంచి విత్తనం తీసుకునే ప్రతి విశ్వవిద్యాలయమూ, పరిశోధనా కేంద్రమూ రాతపూర్వకంగా రసీదు ఇవ్వాలని శాసించండి. అలాంటి ఒక్క రసీదు చేతిలో ఉండి ఉంటే ఖోబ్రగడే కథ వేరుగా ముగిసేది.

అంతవరకూ ఆగనక్కర్లేదు. ప్రతి గ్రామ శాఖా ఈ నెలలోనే ఒక పని చేయాలి. మన ఊళ్లో ఎవరు ఏ కొత్త పనిముట్టు చేశారో, ఏ విత్తనం కాపాడారో జాబితా రాయండి. గుట్టు బయట పెట్టకుండా పేరు, తేదీ మాత్రం రాయండి. గ్రామీణ ఆవిష్కర్తల పక్షాన పని చేస్తున్న నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌కూ, హైదరాబాద్‌లోని పల్లె సృజనకూ కబురు పంపండి.

నాగలి చేసింది కష్టజీవి, కొడవలి చేసింది కష్టజీవి. వాటి మీద తన పేరు రాసుకోవడం మాత్రం ఇన్నాళ్లూ అతనికి ఎవరూ నేర్పలేదు. ఆ పని ఇప్పుడు మనం చేద్దాం.