తప్పు బజ్జీలదా, ఫ్రైడ్ రైస్‌దా?

ప్రశ్న: క్రిందటి శని, ఆదివారాల్లో మేము ఆరుగురం కారులో అరకు వెళ్ళి వచ్చాం. శనివారం ఉదయం తుని దగ్గర బండి మీద ఇడ్లీ తిన్నాం. ఆ రాత్రి అరకులో బొంగు చికెన్ తిన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఆదివారం ఒంటిగంటకు అక్కడే ఒక పెద్ద ఎ.సి. హోటల్లో భోజనం చేశాం. మావారు, మా ఆడపడుచు, నాలుగేళ్ళ మా బాబు ఫ్రైడ్ రైస్ తెప్పించుకున్నారు. నేను, అత్తయ్యగారు, అన్నయ్యగారు పుల్కాలు, పప్పు తిన్నాం. సాయంత్రం నాలుగున్నరకు శృంగవరపుకోటలో రోడ్డు ప్రక్కన అందరం మిరపకాయ బజ్జీలు తిన్నాం. బాబు కారం తినడు గనుక వాడికి పెట్టలేదు. అరగంట తిరక్కుండానే మావారికి, ఆడపడుచుకు, బాబుకు వాంతులు పట్టుకున్నాయి. రాత్రి బాబుకు విరేచనాలు కూడా అయ్యాయి. నీళ్ళిస్తే ఇంకా ఎక్కువవుతాయని అత్తయ్యగారు తెల్లవార్లూ చుక్క నీరు తాగనివ్వలేదు. మావారు మందుల షాపులో యాంటీబయాటిక్ మాత్రలు కొని తెచ్చి ముగ్గురికీ వేశారు. బజ్జీల నూనె మంచిది కాకపోవడం వల్లనే ఇలా జరిగిందంటారా? ఇకమీదట బయట తినడం మానెయ్యాలా?
– ఒక సోదరి, రాజమండ్రి

జవాబు: మీ ప్రశ్నకు సమాధానం మీ ఉత్తరంలోనే ఉంది. బాబు బజ్జీ ముట్టలేదు, అయినా వాంతులయ్యాయి. మీరూ, అత్తయ్యగారూ, అన్నయ్యగారూ బజ్జీలు తిన్నారు, మీకు ఏమీ కాలేదు. జబ్బుపడ్డ ముగ్గురూ తిని, మిగిలిన ముగ్గురూ తిననిది ఫ్రైడ్ రైస్ ఒక్కటే. పరీక్ష చెయ్యనిదే ఖాయంగా చెప్పలేం గాని, నా అనుమానమంతా దానిమీదే.

వాంతికి ముందు ఆఖరున ఏం తిన్నామో దాన్ని తిట్టుకోవడం మనకు అలవాటు. పైగా రోడ్డు ప్రక్క బండి అంటే అనుమానం, ఎ.సి. హోటలంటే నమ్మకం. క్రిములకు ఈ తేడా తెలియదు. వండిన తర్వాత ఆ పదార్థం ఎంతసేపు గోరువెచ్చగా పడి ఉన్నదన్నదే వాటికి ముఖ్యం.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు సహజంగానే ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. ఫ్రైడ్ రైస్ పొడిపొడిగా రావాలని చాలా హోటళ్ళలో అన్నం ముందుగానే వండి, ఆరబెట్టి ఉంచుతారు. అలా గంటల తరబడి ఉంచితే బీజాలు మొలకెత్తి విషపదార్థాన్ని తయారుచేస్తాయి. తర్వాత పెనం మీద ఎంత మంట పెట్టి వేయించినా ఆ విషం విరగదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపల వాంతులు మొదలవుతాయి. మీవాళ్ళు ఒంటిగంటకు తిన్నారు, అయిదింటికి వాంతులయ్యాయి. లెక్క సరిపోయింది కదా! వంటవాని చేతి పుండ్ల నుంచీ, ముక్కు నుంచీ పడే స్టెఫిలోకాకస్ క్రిమి విషం కూడా ఇంచుమించు ఇంత త్వరగానే పనిచేస్తుంది. కోవా మిఠాయిలు, క్రీము కేకుల విషయంలో దాన్ని అనుమానించాలి.

పెద్ద గుండిగలో వండి, నెమ్మదిగా చల్లారనిచ్చిన మాంసం కూర వల్ల అయితే 6 నుంచి 24 గంటల తర్వాత కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు వస్తాయి. సరిగా ఉడకని కోడిమాంసం, పచ్చి గుడ్ల ద్వారా వచ్చే సాల్మొనెల్లా అయితే జ్వరం కూడా ఉంటుంది, అది బయటపడడానికి ఒకటి రెండు రోజులు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ కూడా పట్టవచ్చు. పచ్చి గుడ్డుతో చేసిన మయొన్నైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఒక సంవత్సరం పాటు నిషేధించింది ఇటువంటి భయం వల్లనే.

తుని ఇడ్లీ మీకు పడిందంటే ఆశ్చర్యం లేదు. ఆవిరి మీద నుంచి తీసి నేరుగా ఆకులో పెట్టే ఇడ్లీకి మించిన క్షేమమైన ఫలహారం ప్రయాణంలో దొరకదు. ప్రక్కనున్న కొబ్బరి చట్నీ మాత్రం ఉదయం రుబ్బినదైతే పదింటి తర్వాత వద్దనండి. కారప్పొడి చాలు. బొంగు చికెన్ కూడా మంచి ఎంపికే. నిప్పుల మీద కాలిన బొంగును మీ ఎదుటనే చీల్చి పెడతారు గదా! ఎముక దగ్గర ఎర్రగా ఉంటే మాత్రం మొహమాటపడకుండా తిరిగి కాల్చమనండి. మన పెద్దలు ప్రయాణానికి పులిహోర కట్టుకునేవారంటే అది రుచికోసమే కాదు. చింతపండు పులుపులో ఈ క్రిములు సరిగా పెరగవు.

అందుచేత బయట తినడం మానక్కర్లేదు. పొగలు కక్కేది తినండి, ఎప్పుడు వండారో అడగండి. వండి బయట రెండు గంటలు దాటిన పదార్థం, ముందే కోసిన ఉల్లిపాయ ముక్కలు, ఐసు వద్దు.

ఇక అత్తయ్యగారి మాట. ఆమె మంచికోరే అలా చేసి ఉంటారు. కాని నాలుగేళ్ళ పిల్లవాణ్ణి రాత్రంతా నీళ్ళు లేకుండా ఉంచడం ఆ ఫ్రైడ్ రైస్ కన్న ప్రమాదం. విరేచనాల్లో ప్రాణం తీసేది ఒంట్లో నీరు, ఉప్పు తగ్గిపోవడమే. ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దానిమీద రాసినన్ని నీళ్ళలో, సాధారణంగా లీటరు, పూర్తిగా కలపండి. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న పాళ్ళ ప్రకారం లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు ఉండాలి. పొట్లం మీద చూసుకోండి. తియ్యటి పళ్ళరసాలు దీనికి బదులు కావు. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్ళీ చెంచా చెంచాగా పట్టండి. మీ బాబు వయసుకు ప్రతి విరేచనానికీ 100 నుంచి 200 మిల్లీలీటర్లు ఇవ్వాలి. అన్నం, పెరుగు మాన్పించవద్దు. ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్ళు గుంటలు పడ్డా, మత్తుగా పడి ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంటి వైద్యం మాని వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

మీవారు వేసిన యాంటీబయాటిక్ వల్ల ఏ లాభమూ లేదు. కడుపులోకి వెళ్ళింది తయారై ఉన్న విషం. దానిమీద ఆ మందు పనిచెయ్యదు, ఒక్కరోజులో దానంతట అదే తగ్గుతుంది. విరేచనాలు కట్టే మాత్రలు పిల్లలకు అసలే వద్దు.

మరొక్క విషయం. కలుషితమైన నీటివల్ల, తిండివల్ల వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు 15 నుంచి 50 రోజుల తర్వాత గాని బయటపడవు. నెల తిరిగాక ఇంట్లో ఎవరికైనా అన్నం సయించక, మూత్రం పచ్చగా వస్తే డాక్టరుకు ఈ అరకు ప్రయాణం సంగతి కూడా చెప్పండి.